పేలని మట్టి బాంబులు

కుంటపల్లి (పెద్దవంగర దగ్గర),
12 జనవరి 1947.

కేసముద్రం స్టేషనులో పట్టాల పని చేసే పూల్‌సింగ్ అన్నకు, నిజాం పటాలంలోనూ ఆ తర్వాత జపానువాళ్ల చెరలోనూ నీతో ఒకే కంబళి కప్పుకున్న కుమ్మరి భద్రయ్య నమస్కరించి రాసేది. ఇక్కడ నేను క్షేమం, మా ఇంటిది చిలుకమ్మ క్షేమం, బర్రె క్షేమం. అక్కడ నువ్వు, రుక్కి వదిన, పిల్లలు అందరూ బాగున్నారని తలుస్తాను. ఈ ఉత్తరం నీకు చదివిపెట్టే పార్సిల్ బాబుగారికి కూడా నమస్కారాలు. బాబుగారూ, నా అక్షరాలు పటాలంలో నేర్చినవి, కాస్త వరస తప్పి నడుస్తాయి, మన్నించాలి.

అన్నా, కిందటేడు మనం ఊళ్లకు తిరిగి వస్తున్నప్పుడు కేసముద్రంలో నువ్వు ఒక్క మాటైనా మాట్లాడకుండా రైలు దిగిపోయావు. దానికి నేనేమీ అనుకోలేదు. మనసులో పెట్టుకునే రకం కాదు నేను. నీకు తెలుసు కదా.

ఇంతకీ సంగతేమిటంటే, సంగతేమీ లేదు. ఊరికే రాస్తున్నాను. మొన్న బర్రెకు కుడితి పెడుతుంటే మనల్ని చెరలో ఉంచిన ఆ దీవి గుర్తొచ్చింది. మన వంటశాలకు కాపలా ఉండే ముసలి ఓనో గుర్తొచ్చాడు. సారె లేదు, చక్రం లేదు, కొబ్బరికాయంత మట్టిముద్ద ముందు పెట్టుకుని వెదురు కత్తితో పైన చెక్కి, లోపల తవ్వి, గిన్నె తీసేవాడు కదా! ‘కురినుకి’ అనేవాడు ఆ పనిని. నీకు నేర్పాడు. నాకూ నేర్పుతానన్నాడు. కానీ ఏడు తరాలుగా సారె తిప్పిన ఇంట్లో పుట్టినవాణ్ణి, ముల్లంగి చెక్కినట్టు మట్టి చెక్కడం నేర్చుకుంటానా? పక్కన కూర్చుని ఈగలు తోలుకున్నాను.

ఇప్పుడు నాకు తెలిసిన ఒకాయన ఆ పని మొదలుపెట్టాడు. నేను కాదు, నాకు తెలిసిన ఒకాయన. ఆయన చేసిన గిన్నెలు ఆరబెడితే అడుగున నెలవంకలా పగులు వస్తోంది. మట్టి మంచిదే. ఎందుకు పగులుతుందో నీకు తోస్తే ఒక ముక్క చెప్పి పంపు. తోచకపోయినా ఫరవాలేదు, ఆయనకేమంత తొందర లేదు.

ఇట్లు,
ఏడు తరాల కుమ్మరి, భద్రయ్య.

తా.క. తొందరే ఉంది.


కుంటపల్లి,
20 ఫిబ్రవరి 1947.

పూల్‌సింగ్ అన్నకు భద్రయ్య నమస్కారాలు. మేం క్షేమం, బర్రె పాలు తగ్గించింది.

నీ జవాబు అందింది. మీ తండా నుంచి ఉప్పు అమ్మడానికి వచ్చే జాల్యాతో నువ్వు పంపింది ఒకే ఒక్క మాట. పాపం, జాల్యా ఆ మాట మరిచిపోకుండా మూడు ఊళ్లు దాటేదాకా నోట్లోనే తిప్పుకుంటూ వచ్చి మా వాకిట్లో నిలబడి ‘మో ఇచిదో’ అని అరిచాడు. చిలుకమ్మ ఏదో కొత్తరకం బిచ్చమనుకుని చేటెడు జొన్నలు పోసింది. ఆయన వద్దనలేదు.

ఎంత మాట పంపావన్నా! మనం చేసిన గిన్నెను ఓనో చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ చూసి, ముద్దగా నలిపి మళ్లీ మన ముందు పెట్టి అనే మాట. మళ్లీ ఒకసారి చెయ్యి అని. అది తిట్టని నేను ఏడాదిపాటు అనుకున్నాను. చెర నుంచి వచ్చాక ఇప్పటికీ మా బర్రె మాట వినకపోతే అదే తిడతాను.

సరే. ఆ ఒకాయన నేనే. బాబుగారూ, ఇది కాస్త మెల్లగా చదవండి, చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు.

జరిగింది చెబుతాను. మొన్నటి బతుకమ్మ పండుగ వెళ్లాక మా దొర బిడ్డ పెళ్లి కుదిరింది. మూడు వందల కుండలు, వంద కూజాలు వెట్టికి చేసి గడికి చేర్చమని గుమాస్తా వచ్చి చెప్పాడు. మా తాత చేశాడు, మా నాయన చేశాడు, నేనూ చేసేవాణ్ణే. కానీ అప్పటికి ఊళ్లో సంఘం వచ్చింది, ఇక వెట్టి చేసేది లేదని ఊరంతా ఒక్కమాట మీద నిలబడింది. ఒకాయన పశువులు తోలనన్నాడు, ఒకామె గడి వాకిలి ఊడ్వనంది. నేనూ చెయ్యనన్నాను. చెప్పేటప్పుడు కాళ్లు వణికాయి. కానీ ధోవతి కట్టుకున్నాను కాబట్టి ఎవరికీ కనబడలేదు.

మర్నాడు గుమాస్తా ఎనిమిది మందితో వచ్చి నా సారెను బండికెత్తి గడికి తీసుకుపోయాడు. “ఇంకో సారె ఊర్లెకు దెస్తె నీ కాళ్లిరుగుతయ్, చేసిచ్చినోని చేతులిరుగుతయ్” అని చాటించాడు. ఏ వడ్రంగి చేసిస్తాడు మరి? ఆ తర్వాత సంఘం మీద నిషేధం వచ్చింది, సంఘపోళ్లు అడవి పట్టారు, గడిలో పోలీసులు దిగారు. నేను సారె లేని కుమ్మరినయ్యాను. రెండు నెలలు కూలికి పోయాను. నాకు నాగలి పట్టడం రాదు, పట్టిన చోటల్లా వంకర సాలు. ఆసామి దణ్ణం పెట్టి పంపించేశాడు.

అప్పుడు తట్టింది. సారె తేవద్దన్నారు గానీ, సారె లేకుండా గిన్నె చెయ్యొద్దని ఎవరూ అనలేదు కదా! ఓనో చేసేది కళ్లతో మూడేళ్లు చూశాను. చూసింది చెయ్యలేనా అనుకున్నాను.

చెయ్యలేనన్నా. మొదటి పద్నాలుగు ఆరబెట్టేటప్పుడే అడుగు పగిలాయి. పదిహేనోది పగల్లేదు. ఆనందంతో దాన్ని ఆములో పెట్టి కాలిస్తే ఢామ్మని పేలి, పక్కన పెట్టిన లచ్చవ్వ దీపపు ప్రమిదలు కూడా పేలిపోయాయి. లచ్చవ్వ అంటే మా పక్కింటి ముసలామె. పదహారోది పేలకుండా బయటపడింది. చిలుకమ్మకు చూపిస్తే “గిది గిన్నెనా, ఎలుక కొరికిన కొబ్బరి చిప్పనా?” అంది. లచ్చవ్వ దాన్ని రెండు చేతులా ఎత్తి బరువు చూసి “బిడ్డా, దీనితోని కొడితె మనిషి సస్తడు గని గిన్నెకేం గాదు” అంది.

అన్నా, నువ్వు మట్టి పట్టినప్పుడు అది నీ మాట వినేది. నేను పుట్టిందే మట్టిలో, నా మాట వినడం లేదు. అడుగు ఎందుకు పగులుతోందో, ఆములో ఎందుకు పేలుతోందో చెప్పి పంపు. ఈసారి ఒక్క మాట కాకుండా నాలుగైనా పంపు. జాల్యాకు జొన్నలు ఎటూ తప్పవు.

ఇట్లు,
కుమ్మరి భద్రయ్య.


కుంటపల్లి,
30 మార్చి 1947.

పూల్‌సింగ్ అన్నకు, రుక్కి వదినకు, పిల్లలకు, పార్సిల్ బాబుగారికి భద్రయ్య వేనవేల నమస్కారాలు. ఇక్కడ మేం బతికే ఉన్నాం. ఈసారి ఇది మాటవరసకు రాయడం లేదు.

నువ్వు పంపిన మాటలు జాల్యా ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో అప్పజెప్పాడు. ముద్దను చెక్కతో నాలుగు దిక్కులా గట్టిగా కొట్టమని, అడుగును ఇంకా గట్టిగా కొట్టమని, తవ్వేముందు రెండు దినాలు తడి గోనె కింద పెట్టి ఓపిక పట్టమని, గోడ బొటనవేలు మందం మించొద్దని, లోపల తవ్వడానికి గొడుగు పుల్ల వంచి కొక్కెం చేసుకోమని, పూర్తిగా ఎండందే ఆము దగ్గరికి పోవద్దని. చివర్న “నీకు ఓపిక లేదని నాకెరుక” అని కూడా అన్నావట. జాల్యా దాన్ని రెండుసార్లు చెప్పాడు.

నువ్వు చెప్పినట్టే చేశాం. అంటే, చేశాను. ఐదు గిన్నెలు నిలబడ్డాయన్నా! గోడలు సమంగా, కత్తి జారిన చోట జారినట్టు గీతలు, పట్టుకుంటే చెయ్యి తనంతట అదే చోటు వెతుక్కుంటుంది. ఒకటి లచ్చవ్వకు ఇచ్చాను. పొద్దున పోసుకున్న జొన్న గట్క కలుపు తీసి వచ్చేదాకా వెచ్చగానే ఉందట. ఆమె వాడకట్టంతా చెప్పింది. అక్కణ్ణుంచి మాట కల్లు మండువకు పాకింది. ఎగుడుదిగుడు నేల మీద కూడా ఒరగని గిన్నె అంటే కల్లు తాగేవాళ్లకు ఎంత అవసరమో నీకు చెప్పాలా? మండువ గౌడు ఒక్కసారే నలభై కావాలన్నాడు.

నలభై ముద్దలు కొట్టి, వరసగా పేర్చి, తడి గోనెలు కప్పి కొట్టంలో పెట్టాను. అక్కడే వచ్చింది ముప్పు.

పటాలం నుంచి వచ్చినవాణ్ణి. సంఘంలో ఉన్నవాణ్ణి. కొట్టంలో కొబ్బరికాయంత గుండ్రని ముద్దలు నలభై, వాటి మీద గోనెలు, వాటి దగ్గరికి నేను రోజూ మునివేళ్ల మీద నడిచి పోయి నీళ్లు చల్లడం. ఎవడో చూశాడు. గుమాస్తాకు చెప్పాడు. గుమాస్తా గడిలో దిగిన పోలీసులకు చెప్పాడు. భద్రయ్య జపాను బాంబులు చేస్తున్నాడని!

మంగళవారం పొద్దున జమేదారు ఆరుగురు జవానులతో వచ్చాడు. మనిషి మా బర్రె వెనక నిలబడ్డాడు. అక్కణ్ణుంచి హుకుం మీద హుకుం. “ముట్టుకోకు!” అన్నాడు. వెంటనే “బయటికి తియ్!” అన్నాడు. నేను ఒకటి ఎత్తగానే “ఊపకు, హరామ్‌ఖోర్, ఊపకు!” అని బర్రె నడుము పట్టుకున్నాడు. అది మట్టి సర్కార్ అంటే, మట్టిలో ఏముందన్నాడు. మట్టిలో మట్టే ఉందన్నాను. అబద్ధాలాడుతున్నానని తుపాకీ గురిపెట్టించాడు.

అప్పుడు చిలుకమ్మ వడ్లు దంచే రోకలి తీసుకుని బయటికొచ్చింది. “గీ మట్టి పేలుతదా? పేలితె నేనే జూస్త” అని నా చేతిలోని ముద్దను కింద పెట్టించి ఒక్క పెట్టు పెట్టింది. ఆరుగురు జవానులూ బోర్లా పడ్డారు. జమేదారు వెనక్కి దూకి మా పెంటకుప్పలో తేలాడు. ముద్ద మాత్రం జొన్నరొట్టెలాగా చదునై ఊరుకుంది.

జమేదారు లేచి దులుపుకున్నాడు. ఊరంతా గోడల మీంచి చూస్తోంది. అప్పుడే పంచనామా కాగితం మీద ‘బాంబులు నలభై’ అని రాసేసి ఉన్నాడు. సర్కారు కాగితం మీద రాసింది కొట్టెయ్యరాదట. అందుకని కింద ఇలా చేర్పించాడు: ‘మట్టి బాంబులు ముప్పై తొమ్మిది, పేలనివి. ఒకటి, చదునైనది.’ నా చేత సంతకం కూడా పెట్టించాడు.

వాటిని గడికి మోయడానికి మనుషుల్ని రమ్మన్నాడు. వెట్టి చేసేది లేదన్నారు ఊరివాళ్లు. లచ్చవ్వయితే “బాంబులు గదా, మీరే జాగర్తగ మొయ్యున్రి” అంది. ఆరుగురు జవానులు మా తట్టల్లో మా మట్టిని నెత్తిన పెట్టుకుని నాలుగు మార్లు తిరిగారు. ఆ వెనక నన్ను తాడు కట్టి నడిపించారు. అంతదాకా నవ్విన ఊరు, తాడు చూసి నవ్వలేదు.

గడిలో నన్ను ఒక చీకటి కొట్టులో వేశారు. అక్కడ మొగుళ్లపల్లి వైపు మనిషి ఒకాయన బోర్లా పడుకుని ఉన్నాడు. ఎందుకు బోర్లా అని అడిగితే “వీపుల జాగ లేదన్నా” అన్నాడు. సంఘపోళ్లకు గట్క పోశాడని కొట్టారట. నాకు రెండు చెంపదెబ్బలతో సరిపెట్టారు. జమేదారు పై అధికారి అమీను సాబు వచ్చేదాకా ఉండమన్నారు. ఆయన బాంబులంటే బాంబులే, వరంగల్లు జైలే. నాకంటే ముందు అలా పోయినవాళ్లలో ఇద్దరి కబురు ఇప్పటికీ తెలియదు.

కొట్టు కిటికీ లోంచి నా సారె కనబడిందన్నా. వసారాలో అడ్డంగా పడేసి ఉంది. దాని మీద గుమాస్తా పాన్‌దాను, పక్కన ఉమ్ముడు గిన్నె. ఏడు తరాల చేతులు తిప్పిన చక్రం. నేను మొహం అటు తిప్పుకున్నాను. దీవిలో ఆకలేసినప్పుడు కూడా నాకు అంత ఏడుపు రాలేదు.

మూడోనాడు అమీను గుర్రం మీద దిగాడు. ముసలాయన, కళ్లద్దాలు. ఒక ముద్ద తీసుకుని వాసన చూశాడు. ఇదేమిటన్నాడు. గిన్నె సర్కార్ అన్నాను. గిన్నె అయితే బొక్కేదన్నాడు. “లోపలనే ఉంది సర్కార్, బయటికి తియ్యాలె” అన్నాను. నేను ఎగతాళి చేస్తున్నాననుకుని ఆయన మొహం ఎర్రబడింది. నా ఎదురుగా తియ్యి, గిన్నె అయితే ఇంటికి, కాకపోతే వరంగల్లుకు అన్నాడు.

నేను కూర్చున్నాను, గొడుగు పుల్ల కొక్కెం పట్టాను, గిన్నె చేశాను. అమీను సాబు చూసి మెచ్చుకుని విడిచిపెట్టాడు. ఇంతకంటే వివరంగా రాయడానికి కాగితం చాలదు.

గుమాస్తా సారె మాత్రం ఇవ్వనన్నాడు. ఉంచుకోనీ.

కాగితం ఇంకా కొంచెం మిగిలింది కాబట్టి ఒక మాట. బాబుగారూ, ఇది గట్టిగా చదవండి, ఎవరున్నా ఫరవాలేదు. దీవిలో మనల్ని వదిలేసే ముందురోజు ఓనో తన తేనీరును పూల్‌సింగ్ చేసిన గిన్నెలో పోసుకుని తాగి, ఆ గిన్నెకు తల వంచి దణ్ణం పెట్టాడు. పదకొండు మంది తెలుగువాళ్లు చూస్తుండగా నేను “గొడ్లు గాసేటోడు జేసిన గిన్నె, గొడ్లకే కుడితి పొయ్యాలె” అన్నాను. పూల్‌సింగ్ అన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నాకు కుళ్లన్నా. ఏడు తరాలు నా వెనక నిలబడి ఉంటే ఆ ముసలాయన నీకు దణ్ణం పెట్టాడని కుళ్లు. తప్పు నాదే. కాళ్లు పట్టుకోవడానికి కేసముద్రం రావాలనే ఉంది, కానీ ఊరు దాటాలంటే గడిలో చెప్పి పోవాలి. నీకు రెండు దినాలు సెలవు దొరికితే నువ్వే రా. వచ్చి నాకు దగ్గరుండి నేర్పు.

ఇట్లు,
నీ తమ్ముడు, భద్రయ్య.

తా.క. ఉత్తరం మడుస్తుంటే చిలుకమ్మ చదివి వినిపించమంది. వినిపించాను. అమీను ముందు నేను గిన్నె చేసిన చోట ఆమె ఏమీ అనలేదు. లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. తిట్టి ఉంటే ఉత్తరం అలాగే అంటించి పంపేవాణ్ణి. తిట్టలేదు కాబట్టి రాస్తున్నాను.

గిన్నె నేను చెయ్యలేదన్నా. మొదటి ముద్దకు గోడలోంచి కొక్కెం బయటికొచ్చింది. రెండోది చేతిలోనే కూలింది. అమీను జమేదారు వైపు చూశాడు. నాకు గట్క తెచ్చి గేటు దగ్గర నిలబడిన చిలుకమ్మ ఎవర్నీ అడక్కుండా నడిచి లోపలికొచ్చింది. “సర్కార్, గాయిన మట్టి తొక్కుతడు. చెక్కెటిది నేను” అంది. నా చేతిలోంచి కొక్కెం తీసుకుని గడి వాకిట్లో, అంతమంది తుపాకుల మధ్య, కొంగు నడుముకు చుట్టి కూర్చుంది.

జమేదారు కూడా దగ్గరికొచ్చి గొంతుకూర్చుని చూశాడు. లోపలి మట్టి సన్నగా, ఉల్లిపొరల్లా రాలింది. పచ్చి గిన్నెలోనే అమీను చెంబుతో నీళ్లు పోయించి, ఎత్తి అడుగు చూశాడు. చుక్క రాలేదు. ఎవరు నేర్పారని అడిగాడు. “కేసముద్రంల మా పూల్‌సింగ్ బావ” అంది. నిన్ను ఆమె ఎన్నడూ చూడలేదు. నేను పక్కనే ఉన్నాను, నా పేరు చెప్పలేదు.

లచ్చవ్వ దగ్గరున్న గిన్నె, ఆ మొదటి ఐదు, అన్నీ ఆమెవే. మా ఇంట్లో ఆడవాళ్లు సారె ముట్టరు. నేను మట్టి తేవడానికి చెరువుకు పోయిన పూటల్లో, ఇది సారె కాదు కదా అని నా పగిలిన ముద్దలు ముందేసుకుని కూర్చుందట. జాల్యా రెండుసార్లు చెప్పిన ఓపిక మాట ఆమె ఒక్కసారికే విన్నది.

కాబట్టి రావలసింది నాకు నేర్పడానికి కాదు. ఆమె అడగమన్నవి ఇవి. గిన్నె అంచు పెదవికి గరుకుగా తగులుతోంది, కాల్చకముందు దేనితో రుద్దాలి? మూత కూడా అదే ముద్దలోంచి తియ్యవచ్చా? పెద్ద గోలెం చెక్కాలంటే ఎన్ని దినాలు ఆరనివ్వాలి? ఈ మూడూ రాసి, నేను రాశానని కాదు, తానే అడుగుతున్నానని రాయమంది. రాశాను. ఇక ఉంటానన్నా. గౌడు గిన్నెలకు మళ్లీ నలభై ముద్దలు కావాలి, మట్టి తొక్కమని పిలుస్తోంది.